అరవై సెకన్ల తగువు

గుండె డాక్టరుగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. బల్ల మీద పడుకున్న పేషెంటుతో తగువు పెట్టుకోకపోతే ఆయనకి చెయ్యాడదు. ఎదుటివాడి గుండెలో తీగ పెట్టి మరీ దెబ్బలాడే మహావీరుణ్ణి హెడ్ నర్సు తన పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు.

లెక్కల మాస్టారితో, "కూడికలొస్తే చాలండీ, మిగతాదంతా మీ పొట్టకూటికి కల్పించుకున్నదే" అన్నారు. బస్సు డ్రైవరుతో, "కూర్చుని చక్రం తిప్పడం కూడా ఒక పనేనా?" అన్నారు. ఒక వంటావిడతో ఉప్పు గురించి ఏమన్నారో ఇక్కడ రాయకపోవడమే మంచిది. ఘనకార్యం ఆయనది, తల కొట్టేసినట్టుండేది మాత్రం నర్సుకి.

ఆ రోజు దర్జీ వంతు వచ్చింది. పోయిన ఏడాది ఆయన గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేసి స్టెంటు పెడితే, అది మళ్లీ ఇరుకైపోయింది. ఈసారి వేసేది మందు పూసిన బెలూన్. లోపల ఉబ్బించి అరవై సెకన్లు అదిమి ఉంచితే మందు నాళం గోడకి పట్టి, మళ్లీ పూడుకోకుండా కాస్తుంది. అంతసేపూ రక్తం ఆగి ఛాతీ పిండేస్తుంది. తట్టుకోలేక మధ్యలో దించేయమంటే మందు సరిగ్గా పట్టదు. ఇంకోసారి పూడుకుందంటే ఛాతీ కోసి ఆపరేషనే.

"క్రితంసారి ఇరవై సెకన్లకే ప్రాణం పోయిందనుకున్నానమ్మా," అన్నాడు దర్జీ, నర్సు చెయ్యి వదలకుండా. "నేను ఆపమంటే ఆపెయ్యాలి."

"అలాగే ఆపేద్దాం," అని డాక్టరుగారు బెలూన్ ఉబ్బించారు. నర్సు గడియారం చూస్తోంది. దర్జీ పళ్లు బిగించాడు.

"ఒక మాట చెప్పండి. రెడీమేడ్ ప్యాంట్లు ఇంత బాగా వస్తుంటే ఇంకా దర్జీలెందుకండీ?"

"ఏంటీ? రెడీమేడా?" దర్జీ మొహం జేవురించింది. "నిన్న మీరు వేసుకొచ్చిన ప్యాంటు గోనెసంచిలా ఉంది, అద్దంలో చూసుకున్నారా?"

"నాకు హాయిగానే ఉంది."

"మీకు హాయే! చూసేవాళ్లకి కదా కష్టం!"

"నలభై," అంది నర్సు.

"కుట్టు కూడా గట్టిదే మరి."

"గట్టిదా! అది కుట్టా? రెండు ఉతుకులకి ఆగుతుందా?"

"అరవై!"

బెలూన్ దిగింది. తెర మీద నాళంలో రక్తం నిండుగా పారుతోంది.

"నొప్పి వచ్చిందా?" అడిగారు డాక్టరుగారు.

"వచ్చిందిలెండి. ముందు ఆ ప్యాంటు సంగతి తేల్చండి!"

నర్సు గబగబా బయటికొచ్చి దర్జీ భార్యతో, "గండం గడిచింది. కానీ డాక్టరుగారు మీ ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నారు, ఏమీ అనుకోకండి" అంది.

"రెడీమేడ్ మాటేగా? నేనే చెప్పానమ్మా," అందావిడ. "నిన్న వచ్చి గంట కూర్చున్నారు. మీ ఆయన నొప్పి మర్చిపోవాలంటే ఏ మాటకి ఒళ్లు మండాలో చెప్పమని అడిగి రాసుకున్నారు. అందరి ఇంటివాళ్లనీ అడుగుతారటగా?"

ఇన్నాళ్లూ ఆయన్ని లోలోపల తిట్టుకున్నందుకు నర్సుకి సిగ్గేసింది. ఆ నోటిదురుసు మనిషి మీద పట్టరాని అభిమానం కలిగింది.

"ఇంతకీ నేను చెప్పిన మాటల్లో ఎన్ని వాడారు?" అడిగింది దర్జీ భార్య.

"ఒక్కటే. దానికే నిమిషం అయిపోయింది."

"అయ్యో, పదకొండు ఏకరువు పెట్టాను. ముప్పై ఏళ్ల కాపురంలో పోగుచేసినవి," అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. "సరేలే, మనిషి ఇంటికొస్తున్నాడుగా, మిగతా పదీ నేనే వాడుకుంటాను."