క్యాంపు రొట్టెలు

మొన్న మా మనవరాలు ఏదో శిక్షణకు వెళ్లి వచ్చి, చిన్న వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో, ఎలా పెంచుకోవాలో నాకు వివరంగా చెప్పింది. "ఒక్క పెద్ద గిరాకీ దొరికితె సాలవ్వా, ఇగ ఫికర్ ఉండదు" అంది. నాకు మా అత్త గుర్తుకొచ్చింది.

నేను మోత్కూర్‌కు కోడలిగా వచ్చిన కొద్దికాలానికే మా ఆయన నిజాం మీద పోరాడే దళంలో కలిసి గుట్టలు పట్టారు. బొంబాయికి పనికి పోయారని అందరికీ చెప్పుకునేవాళ్లం. ఇంట్లో మిగిలింది అత్తా నేనూ, రొట్టెలు కాల్చే ఒక ఇనుప పెంక. అత్త ఆ పెంకతోనే వారపు అంగడి రోజుల్లో జొన్నరొట్టెలు చేసి, కారం తొక్కుతో అమ్మడం మొదలుపెట్టింది. ఆమె పద్ధతులు ఆమెకుండేవి. నిన్నటి రొట్టె ఈరోజు అమ్మేది కాదు. పటేలుకైనా, పశువుల కాపరికైనా ఒకటే రొట్టె, ఒకటే ధర. నేను చేసినవి గుండ్రంగా తప్ప అన్ని ఆకారాల్లోనూ వచ్చేవి కనుక చాలాకాలం నా పని పిండి జల్లించడమే. కొన్నాళ్లకు బండ్లవాళ్లు మా గంప ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చేవారు.

పోలీసు యాక్షన్‌తో నిజాం పాలన పోయింది గాని, తుపాకులు దించని దళాలను వెతుకుతూ కొత్త సర్కారు మిలిటరీ మా ఊళ్లో క్యాంపు వేసింది. ఒక సుబేదారు గోధుమపిండి బస్తాలతో మా ఇంటికి వచ్చి "మాతాజీ" అని చేతులు జోడించాడు. అదేదో తిట్టనుకొని అత్త మొహం మాడ్చుకుంది. ఇకమీదట రొట్టెలన్నీ క్యాంపుకేనని, బయట అమ్మకూడదని అతని వెంట వచ్చిన పట్వారీ చెప్పాడు. వాళ్లు వెళ్లాక, "వద్దంటె ఏమైతది?" అన్నాను.

"నీ మొగడు యాడున్నడని అడుగుతరు. ఇప్పటిదాంక అడగలే" అంది అత్త, పిండి తడుపుతూ.

పొయ్యిలు పెరిగాయి, పనికి ఆడవాళ్లు వచ్చారు. చూసేవాళ్లకు అది మా వ్యాపారం. పిండికి కాపలా అంటూ గుమ్మంలో ఒక సిపాయి నిలబడేవాడు. బావికి పోవాలన్నా అతనికి చెప్పి పోవాలి. గుట్టలమీదికి గాలింపుకు బయలుదేరేవాళ్లకు రొట్టెలు మూటగట్టిన రోజు అత్త ముద్ద ముట్టేది కాదు. బావి దగ్గర నన్ను చూసి ఊరివాళ్లు పక్కకు జరిగేవారు. అయినా, బొంబాయి మాట అబద్ధమని ఒక్కరూ క్యాంపులో చెప్పలేదు.

ఉన్నట్టుండి క్యాంపు ఎత్తేశారు. ఆ తర్వాత వచ్చిన అంగడికి అత్త మళ్లీ జొన్నరొట్టెల గంపతో కూర్చుంది. పొద్దెక్కినా ఒక్కరూ దగ్గరికి రాలేదు. చివరికి మా వెనకింటి ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. క్యాంపులో దెబ్బలు తిన్న ఆమె భర్త అప్పటికింకా కర్ర పట్టుకొనే నడుస్తున్నాడు.

"నా పెనిమిటిని కొట్టినోళ్లకు వండిపెట్టినవ్" అంది.

"పెట్టిన. నా కొడుకును దాసుకునేతందుకు పెట్టిన. నువ్వైతె ఏం జేస్తుంటివో చెప్పక్కా" అంది అత్త.

ఆమె గంపలోకి వంగి చూసింది. తర్వాత ఒక రొట్టె అందుకొని నిలబడే తిన్నది. "ఉప్పు తక్కువైంది" అంది. అత్త తల వంచుకొని, ఇంకొంచెం తొక్కు వేసింది.

మిగతా ఊరు మా గంప దగ్గరికి రావడానికి మరో జొన్నపంట పట్టింది. ఆ తర్వాత అత్త ఎంత పెద్ద పెళ్లివారు అడిగినా గంపంతా ఒకరికే ఇవ్వలేదు. మా ఆయన జైల్లో పడి, విడుదలై, ఇంటికి వచ్చారు. క్యాంపు సంగతి ఆ తల్లీకొడుకులు మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు. నా జీవితంలో ఎన్నో ఏళ్లు గుర్తు కూడా లేకుండా జరిగిపోయాయి గాని, గుమ్మంలో సిపాయి నిలబడిన ఆ కొద్ది నెలలు మాత్రం తలుచుకున్నప్పుడల్లా అంతే మెల్లగా గడుస్తాయి.