నాలుగుసార్లే నొక్కు

ఇరవై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కిన ఆవిడ నలభై ఎనిమిదో ఏట కంటి ఆసుపత్రిలో గుమస్తాగా చేరింది. ఒకరోజు కంప్యూటర్‌లో ఆపరేషన్ల పట్టిక సర్దబోయి, పేర్లను మాత్రమే అక్షరక్రమంలో పెట్టేసింది. మూడు వందల మంది పేర్ల పక్కన వేరేవాళ్ల కళ్ల వివరాలు చేరాయి. ఆవిడ పక్కనున్న నర్సును పిలిచి తెర చూపించింది.

"అక్కా, సేవ్ చేసి మూసేశావా?" అంది నర్సు.

"లేదమ్మా, కాళ్లూ చేతులూ ఆడలేదు."

"బతికించావు. కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కు."

నొక్కగానే పేర్లన్నీ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. కంగారులో ఇంకో నాలుగుసార్లు నొక్కేసరికి, అంతకుముందు తను ఎక్కించిన నాలుగు ఫోన్ నంబర్లు మాయమయ్యాయి.

"ఇప్పుడు కంట్రోల్‌తో వై నొక్కు. నాలుగుసార్లే! అయిదోసారి నొక్కావో, పేర్లు మళ్లీ తారుమారై కథ మొదటికొస్తుంది," అని నర్సు నవ్వింది.

నంబర్లు తిరిగొచ్చాయి. మర్నాడు ఆవిడ ఒక ఖాళీ పట్టిక తెరిచి, కావాలనే తప్పులు చేసి దిద్దుకుంటూ కూర్చుంది.