చిన్నమ్మకు జామీను

పిల్లను సాకడానికి కూడా లైసెన్సులాంటిది ఒకటి కావాలని కడప కోర్టు మెట్లెక్కేదాకా నాకు తెలియదు.

అక్కా బావా పోయాక వాళ్ల కూతురు బద్వేలులో నా దగ్గరే ఉంటోంది. అక్కావాళ్ల ఇల్లు పిల్ల పేరు మీద ఉంది. నాకు ఉన్నదల్లా అద్దెకు తీసుకున్న గాజుల అంగడి. పెళ్లి కూడా చేసుకోలేదు. కోర్టు నన్ను గార్డియన్‌గా ఒప్పుకోకపోతే పిల్లను ఏ హాస్టల్లోనో వేస్తారేమోనని హడలిపోయాను. మా వకీలు వేళ్లు మడిచి చెప్పాడు: మంచి నడత ఉండాలి, పిల్ల ఆస్తి ముట్టనని బాండు రాయాలి, ఆస్తిపాస్తులున్న మనిషొకరు నాకు జామీను నిలవాలి.

"ఆటో తోలేదానికి గూడా ఇన్ని అడగరు గదప్పా!" అన్నాను. ఆయన నవ్వలేదు.

పక్కంగడి కిరాణా మామను అడిగితే సరేనన్నాడు. తప్పు అక్కడే చేశాను. మా బజారులో జామీను అడగడమంటే పెళ్లికి పిలిచినట్టు. ఒకరిని పిలిచి ఇంకొకరిని వదిలేస్తే మొహం చూడరు. వాయిదా రోజు కడపలో నేనూ, పిల్లా, మామా బస్సు దిగితే వెనకే బజారంతా దిగింది. తలా ఒక సంచి, అందులో పాసుపుస్తకాలు, ఇంటి కాగితాలు.

"ఆయప్పనొక్కన్నే అడుగుతావా? మేమంతా సచ్చినామా?" అంటూ, బజారంతా ఖాలా అని పిలిచే పూలామె నా మీదికొచ్చింది.

కోర్టు గేటు దగ్గర పోలీసాయన బిత్తరపోయాడు. "ఏమప్పా, ఏ ఊరి గొడవ ఇది?"

"గొడవ గాదు సార్, జామీను!" అందరూ ఒక్కసారే అరిచారు. నాకు సిగ్గూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి.

లోపల జడ్జి మేడం "జామీను ఎవరు?" అనగానే చేతులన్నీ లేచాయి. ఖాలా అయితే రెండు చేతులూ ఎత్తేసింది. వకీలు తల పట్టుకున్నాడు.

"ఒకరు చాలు," అన్నారు మేడం. మామ ముందుకెళ్లాడు. వెనక ఒకటే గొణుగుడు.

తర్వాత పిల్లను పిలిచి, "నీకు ఎవరి దగ్గర ఉండాలనుందమ్మా?" అని అడిగారు. పిల్ల నన్ను చూసింది, బజారును చూసింది, తనూ చెయ్యెత్తింది.

"మా చిన్నమ్మకు నేను గూడా జామీనుంటా మేడం. నా పేరున ఇల్లుండాది."

మేడం పగలబడి నవ్వారు. "ఆ ఇంటిని మీ చిన్నమ్మ తినేయకుండా చూడడానికే కదమ్మా ఈ జామీను!"

పిల్లకు కోపమొచ్చింది. "తింటే తిననీ. మా చిన్నమ్మే గదా."

మేడం ఇంకేమీ అడగలేదు. నన్నే గార్డియన్‌గా వేశారు.