రాక్షసుడు అడిగిన వరం

ప్రమోదకు నలభై రెండేళ్లు. వారానికి ఆరు రోజులు బర్మాలో, లైంగ్‌థార్యార్‌లోని ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఎవరైనా కథ చదివి వినిపిస్తే, బస్సులో పెదాలు కదుపుతూ దాన్ని పాటగా కట్టేస్తుంది. అహ్లోన్ బియ్యం మిల్లుల్లో కూలీలకు బుర్రకథలు చెప్పిన తండ్రి దగ్గర అబ్బిన విద్య అది. పెళ్లై క్రైస్తవుల ఇంటికి వెళ్తూ తంబూరా కూడా పట్టుకెళ్లింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చిలో ఆమె మొట్టమొదటి కథ. కథ చదివి వినిపించిన సంఘపెద్ద సుభాష్ మాస్టారు ముందే తేల్చేశారు. "యూదుల పాత కథ ఇది. సరిగ్గా సెప్తే నెలనెలా సెప్పుకో. తప్పు సెప్పినావా, ఈ గుళ్లో డక్కీ మోగడం ఇదే ఆఖరు."

తంబూరా మీటింది. దేవదూతలు దిగొచ్చారు, మనుషుల కూతుళ్లను పెళ్లాడారు, కొండంత కొడుకుల్ని కన్నారు. "బిలూ! బిలూ!" అని బర్మా మాటలో పిల్లలు కేకలు పెట్టారు, రాక్షసుడంటే వాళ్లకు బిలూనే. రాక్షసులు పంటలు మింగారు, పశువుల్ని మింగారు. ప్రమోదకు పూనకమే వచ్చింది. నాన్న బాణీ నోట్లోకి దానంతటదే వచ్చేసింది.

"పెద్ద రాక్షసుడు ఒంటికాలి మీద నూరేళ్లు తపస్సు చేశాడూ! దేవుడు ప్రత్యక్షమై, వరం కోరుకోమన్నాడూ!"

సుభాష్ మాస్టారు లేచి నిలబడ్డారు.

తంబూరా మీద ప్రమోద వేలు ఆగిపోయింది. యూదుల రాక్షసుడికి తపస్సేమిటి? దైవజ్ఞానం దక్కకే వాళ్లు నాశనమయ్యారని మాస్టారు రెండుసార్లు చదివారు. ఇప్పుడు వరమిస్తే రాక్షసులు బతికిపోతారు, కథ పోయింది, ఇవ్వకపోతే దేవుడు మాట తప్పాడు!

పక్కన డక్కీ వాయించే జోగి, అడ్డుప్రశ్నలతో జనాన్ని నవ్వించే వంత. "ఏటప్పా, ఆగిపోనావు? ఏటడిగినాడు? సెప్పవే!"

"ఏమడగాలో తెలీలేదు తమ్ముడూ!"

"నూరేళ్లు నిలబడీ?"

"పొడుగు ఉందాయె, బలం ఉందాయె. ఏమడగాలో తెలియాలన్నా జ్ఞానం ఉండాలి కదా! బుర్ర గోక్కున్నాడు, గోక్కున్నాడు... చివరికి, 'సామీ, ఇంకో వంద బస్తాల బియ్యం' అన్నాడు!"

చర్చి ఘొల్లుమంది. ముసలమ్మలు బెంచీలు చరిచారు.

"ఇచ్చినాడా?"

"ఇచ్చాడు! వెనకాలే వాన కూడా పంపాడు!"

జలప్రళయం దగ్గర డక్కీ హోరెత్తింది. కథ ముగిసేసరికి ప్రమోద రవికె తడిసి ముద్దయింది. మాస్టారు నేరుగా ఆమె దగ్గరికి వచ్చారు.

"తపస్సు తప్పు. బియ్యం బస్తాలు ఏ పుస్తకంలోనూ లేవు."

"అవును మాస్టారూ."

"రాక్షసులు తెలివిలేక పోయారన్నది మటుకు అందరికీ ఎక్కింది." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "దేవుడు కోరుకోమంటే జ్ఞానమే అడిగిన రాజొకడున్నాడు. వచ్చే నెల ఆయన కథ సెప్పు."

"ఏ రాజు? కుర్రాడా, ముసలాడా? కల్లో అడిగాడా, మెలకువలోనా?" చెప్పులు కూడా వేసుకోకుండా ప్రమోద ఆయన వెంటపడింది.