రెండు కళ్ళూ ఒకే రోజు కావాలన్నాను

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక తెల్లవారుజామున నా కళ్ళ సంగతి బయటపడింది.

మా గూడెంలో ఇప్పచెట్లకు కంచె ఉండదు, పేరు రాసి ఉండదు. కానీ ఏ చెట్టు ఏ ఇంటిదో పిల్లలకు కూడా తెలుసు. ఒకరి చెట్టు కింద పువ్వు ఇంకొకరు ఏరరు, ఎంత రాలి పడి ఉన్నా సరే. ఆ రోజు నేను గంప నిండా ఏరుకుని, నడుం పట్టుకుని లేచేసరికి పక్కింటి కన్నమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"ఏందక్కా, మా చెట్టు కింద ఏరుతున్నవ్?"

"మీ చెట్టేంది? ఇది మా అత్త చేతినుంచి వచ్చిన చెట్టు" అని దబాయించాను. నాకు నోరు కాస్త ఎక్కువే. కన్నమ్మ నా చెయ్యి పట్టుకుని చెట్టు మొదలు మీద పెట్టింది. మా చెట్టుకు నడుమెత్తులో పెద్ద తొర్ర ఉంటుంది. ఇక్కడ బెరడు తప్ప ఏమీ తగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. గంప అక్కడే బోర్లించాను.

"పువ్వు పోతే పోయింది గానీ, నీకు కండ్లు కనబడ్తలేవు గదా. ఎన్ని దినాల సంది?"

"నిన్నటి సంది" అన్నాను. అబద్ధం. అప్పటికి రెండేళ్ళు దాటింది.

ఎందుకు దాచానో చెప్పాలి. నా కళ్ళు మసకబారడానికి ఏడాది ముందే నా భర్త ముత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తిండి, స్నానం, పక్క మార్చడం అన్నీ నా చేతి మీదే. ఆయన చెల్లెలు లచ్చుమమ్మది దుమ్ముగూడెం వైపు. వచ్చినప్పుడల్లా "అన్నను మా ఇంటికి తోల్కపోత వదినా, నీకెందుకు కష్టం" అనేది. నాకు కూడా కనబడదని తెలిస్తే ఆ మాట మాటగా ఆగదని భయం. అందుకే ఇంట్లో అడుగులు లెక్కపెట్టుకుని తిరిగాను. ఉప్పు డబ్బా ఎడమకు, కారం డబ్బా కుడికి పెట్టుకున్నాను. అంగన్‌వాడీలో ఇన్నేళ్ళు పిల్లలకు రంగులు నేర్పినదాన్ని, పెసరపప్పుకూ కందిపప్పుకూ తేడా చేతివేళ్ళతో చూసుకునే గతికి వచ్చాను.

ముత్తయ్య బాగున్న రోజుల్లో పువ్వుకు ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. ముందు ఆయన, వెనక నేను. ముందురోజే చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి, నేలను మా వాకిలంత శుభ్రంగా చేసేవాడు. మేం వెళ్ళేసరికి పువ్వు ఇంకా టపటపా రాలుతూ ఉండేది. "ఆగు, పడనీ, కూసో" అనేవాడు. తొర్ర పక్కన వీపులానించి కూర్చునేవాళ్ళం. ఆ వాసనకు కడుపు నిండిపోయేది. పని ఉన్నా పని లేనట్టు కూర్చున్న పొద్దులు నా జన్మలో అవే. ఇప్పటికీ తలుచుకుంటే ప్రాణం అటే లాగుతుంది.

సరే, కన్నమ్మ ఊరుకోలేదు. ఆ వారంలోనే నన్ను భద్రాచలం తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ గడ్డం ఆనించే మిషన్ దగ్గర కూర్చోబెట్టి, కళ్ళలోకి లైటు వేసి చూసింది. స్లిట్ ల్యాంప్ అంటారట.

"రెండు కళ్ళల్లోనూ మెచ్యూర్ కేటరాక్ట్, అంటే శుక్లం. బాగా ముదిరింది. ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా? ముందు కుడి కన్ను చేద్దాం. నెల తర్వాత ఎడమది."

"రెండూ ఒకే రోజు చెయ్యండి మేడం."

ఆమె రాస్తున్నది ఆపింది. "చెయ్యను. ఆపరేషన్ తర్వాత లోపల చీము పట్టొచ్చు. ఎండాఫ్తాల్మైటిస్ అంటాం. చాలా అరుదు. కానీ వస్తే కన్ను పోతుంది. ఒకటి పోతే రెండోది ఉంటుంది. రెండూ పోతే నీకు నేనేం జవాబు చెప్పాలి? పైగా మొదటి కన్ను చూశాక రెండో కంటి లెన్స్ పవర్ సరిచేసుకునే వీలుంటుంది. ఆ వీలు ఎందుకు పోగొట్టుకోవాలి?"

ఆమె అన్నది అబద్ధం కాదు. కానీ నా ఇంటి సంగతి ఆమెకు తెలియదు. ముత్తయ్య దగ్గర ఉండడానికి లచ్చుమమ్మ ఒక్కసారే రాగలదు, అదీ మే నెలలో. వానలు పడితే ఆమెకు పత్తి పని, మాకు వాగు పొంగి దారి ఉండదు. రెండోసారి నన్ను ఎవరు తీసుకెళ్తారు, ఆయన్ను ఎవరు చూస్తారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ మాట కన్నమ్మతో అంటే, ఖమ్మంలో ఇంకో డాక్టరు ఉన్నాడు, అడుగుదాం అంది. అడిగాం. చిన్నవయసు ఆయన. నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు. సుగర్ చూశారు, బీపీ చూశారు, కంటి పొడవు కొలిచే బయోమెట్రీ చేశారు.

"మా సీనియర్ సారు కూడా వద్దనే అంటడు అమ్మా. నేను కూడా అందరికీ చెయ్యను. మీకు సుగర్ లేదు, రెప్పలు శుభ్రంగ ఉన్నయ్. ఇంట్ల పరిస్థితి గిట్ల ఉన్నది కాబట్టి ఆలోచిస్తున్న."

"తేడా వస్తే ఏం చేస్తరు సారూ?" అని కన్నమ్మ అడిగింది. నాకు రాని ప్రశ్న.

"రెండు కండ్లంటే నాకు ఇద్దరు పేషెంట్లు. మొదటిది అయినంక గౌను, గ్లవుజులు, సామాను, మందులు అన్నీ మారుస్తం. మొదటి కన్నుల ఏ కొంచెం ఇబ్బంది వచ్చినా రెండోది ఆ రోజు ముట్ట. అప్పుడు నా మీద కోపం రావద్దు."

ఒప్పుకున్నాను. మే నెలలో లచ్చుమమ్మ వచ్చాక, ఆపరేషన్ రోజు డాక్టరు అన్నట్టే చేశాడు. మధ్యలో అంతా మారుస్తుంటే, పెళ్ళిలో రెండో బంతికి ఆకులు వేస్తున్న చప్పుడులా అనిపించింది. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

మర్నాడు కుడి కంటి ముందు లోకం కడిగిపెట్టినట్టు ఉంది. ఎడమ కంట్లో మాత్రం పాలు పోసినట్టు తెలుపు. భద్రాచలం మేడం మాట చెవిలో గింగురుమంది.

"కార్నియా ఎడీమా, అంటే కంటి ముందు పొర వాపు" అన్నాడు డాక్టరు. "శుక్లం గట్టిది, తియ్యడానికి ఎక్కువసేపు పట్టింది. ఇన్ఫెక్షన్ గాదు. చుక్కలు వేస్తే తగ్గుతది. కానీ నొప్పి పెరిగినా, ఎర్రబడినా, ఉన్న చూపు తగ్గినా గంట కూడా ఆగొద్దు."

కళ్ళకు ప్లాస్టిక్ డొప్పలతో ఇల్లు చేరాను. పొయ్యి పొగ దగ్గరికి పోవద్దన్నారు, తలస్నానం వద్దన్నారు. వేళకు చుక్కలు లచ్చుమమ్మే వేసింది. రెండు కళ్ళకూ వేరువేరు సీసాలు, ఒక్కసారి కూడా తారుమారు కానివ్వలేదు. ఈ మధ్యే మసకబారిందని చెప్పి ఆమెను రప్పించుకున్నాను. మూడో రోజు నేనే ఏడుస్తూ రెండేళ్ళ సంగతంతా చెప్పేశాను.

"నీకు కష్టమని అన్న గానీ, నీ కాడికెల్లి గుంజుకపోదామనా? ఎంత పనిచేసినవ్ వదినా!" అని తిట్టింది. తిడుతూనే చుక్కలు వేసింది.

వారం తర్వాత భద్రాచలం మేడం దగ్గరే చూపించుకున్నాను. తిడుతుందనుకున్నాను. లైటు వేసి చాలాసేపు చూసింది. "వాపు తగ్గుతోంది. నేనైతే ఇప్పటికీ చెయ్యను. చేసినాయన మాత్రం జాగ్రత్తగా చేశాడు" అంది. ఇద్దరి మీదా గౌరవం పెరిగింది. ఇంకో పది రోజులకు ఎడమ కన్ను కూడా తేటపడింది.

ఇంతకాలం మసకలో నేను చూసిన ముత్తయ్య, ఇప్పచెట్టు కింద కూర్చున్న ఆ పాత ముత్తయ్యే. కళ్ళు వచ్చాక చూస్తే మంచంలో ఒక ముసలాయన, చెంపల నిండా తెల్ల గడ్డం. "గట్ల చూస్తవేంది, కొత్త పెండ్లికొడుకునా?" అన్నాడు నత్తిగా. నవ్వాను గానీ మొహం పక్కకు తిప్పుకున్నాను.

లచ్చుమమ్మ వెళ్ళిపోయాక, గడ్డం గీద్దామని సబ్బు నురగ రాశాను. ముందునుంచీ ఆ పని నాదే. సగం మొహం గీసి తుడిచేసరికి నా చెయ్యి ఆగిపోయింది. చెంప మీద, గడ్డం కింద, పెదవి పక్కన అన్నీ పాత గాట్లు. కొన్ని మానినవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి. అవన్నీ నా చేతి గాట్లే. రెండేళ్ళలో ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు ఆయన.

"ఎందుకు చెప్పలేదు మావా?"

"చెప్తే నీకు కండ్లు లేవని అందరికీ తెలుస్తది. నన్ను తోల్కపోతరు" అన్నాడు. అంటే నేను దాచిన సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు. ఆయన మొహం నా పొట్టకానించుకుని ఏడ్చాను. కళ్ళు తడవకూడదన్న సంగతి కూడా మరిచాను.

ఇప్పుడు గడ్డం పగటి వెలుగులో, వాకిట్లో గీస్తున్నాను. ఈ ఏడు పువ్వు మా చెట్టు కిందే ఏరాను. తొర్ర పక్కన కాసేపు ఒక్కదాన్నే కూర్చుని, దోసెడు పువ్వు కొంగులో కట్టి ఆయనకు తెచ్చాను.

రెండు కళ్ళూ ఒకే రోజు చేయించుకోమని నేను ఎవరికీ చెప్పను. అది డాక్టర్లే ఒక్క మాట మీద లేని విషయం, మధ్యలో నేనెవరిని? కానీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు కంటి సంగతి ఒక్కటే చెప్పి లేవకండి. ఎన్నాళ్ళుగా కనబడడం లేదో, ఇంట్లో మీ చేతి మీద ఎవరు బతుకుతున్నారో, మొదటి రోజే చెప్పండి. చెప్పడానికి నేను రెండేళ్ళు సిగ్గుపడ్డాను. ఆ రెండేళ్ళూ నెత్తురు కారింది నాకు కాదు.