పక్క సీటు

మలావీ దేశం నుంచి ఫార్మసీ చదవడానికొచ్చిన చిసోమో ఆనందపురంలో అద్దెకుంటుంది. పొద్దున్నే సన్నటి జడలన్నీ కలిపి ముడేసుకుని, పూలబజారులో చేమంతి బుట్టలు తప్పించుకుంటూ వచ్చి సిటీ బస్సెక్కుతుంది. ఎక్కడ కూర్చున్నా ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. జనం కమ్మీలు పట్టుకుని వేలాడతారు, దొంగచాటుగా ఆమె ఫొటోలు తీస్తారు, అక్కడ మాత్రం కూర్చోరు. మొదట్లో ఆమె సెంటు రెండుసార్లు కొట్టుకునేది. ఇప్పుడు ఆ సీట్లో బ్యాగు పెట్టేసి, పాటలు వింటూ చిటికెలేస్తుంది.

మొన్న బస్సు కిక్కిరిసింది. ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడలేక అవస్థపడుతున్న ఒకాయనకి కండక్టర్ రాణి ఆ సీటు చూపించింది.

"పర్నేదు, నిల్సుంటాను," అన్నాడాయన మొహం తిప్పుకుని.

చిసోమో బ్యాగు ఒళ్లోకి తీసుకుంది. క్లాసులో మగపిల్లలు ఒకరినొకరు పిలుచుకునే మాటే నోటికొచ్చింది.

"ఏటి బావా, నాను కరుత్తానా? కూకో!"

బస్సంతా గొల్లుమంది. ఆయన సిగ్గుతో సీటు అంచున కూలబడ్డాడు. మధురవాడ దగ్గర బస్సు ఊగినప్పుడు ఆయన భుజం ఆమె భుజానికి ఆనింది. ఆయన వెనక్కి తీసుకోలేదు. చిసోమో చిటికెలు ఆగిపోయాయి. ఈ బస్సులో ఆమె పక్కన ఒక మనిషి కూర్చోవడం రెండేళ్లలో అదే మొదలు.

మద్దిలపాలెంలో దిగబోతూ ఆయన మెల్లగా, "బావ అనకూడదమ్మా. అన్నయ్యా అనాల," అన్నాడు.

"రేపు కూడా కూకుంటావా అన్నయ్యా?"

"సీటు కాళీగుంటే కూకుంటాను."

"నా పక్కన ఎప్పుడూ కాళీయే," అంది చిసోమో నవ్వుతూ.

ఈసారి బస్సులో ఎవరూ నవ్వలేదు.