బీరయ్య విహారం

విహారమంటే తిరగడమని నిఘంటువు చెబుతుంది. అచ్చంపేట గొర్రెలకాపరి బీరయ్యకు ఆ అర్థం పొసగదు. వేసవంతా మందతో నల్లమలలో నడిచి, తొలకరికి పగిలిన పాదాలతో ఇల్లు చేరతాడు. ఆ ఏడు చేరగానే అల్లుడు ఊటీ బస్సుకు టికెట్లు తెచ్చాడు. “చల్లటి జాగా మామా! కొండలు, చెట్లు చూద్దువు.” “గవే చూసుకుంట వస్తున్న గద బిడ్డా! నేను రాను. నాకు మనిల్లు చూడబుద్ధయితాంది,” అంటూ బీరయ్య మంచంపై గొంగడి పరచుకుని కాళ్లు చాపాడు. ఎంత బతిమాలినా లేవలేదు.

అంతలో భార్య గుర్వమ్మ కొత్తచీర కట్టుకొని వచ్చింది. “ఏడాదంత ఇల్లు నేనే చూసిన. ఇగ నువ్వు చూడు,” అని తాళంచెవి గొంగడిపై పడేసి, అల్లుడి వెంట నడిచింది. “పైలంగ పోయి రా,” అన్నాడు బీరయ్య, తాళంచెవిని మొలతాడుకు ముడివేసుకుంటూ. మంచం మాత్రం దిగలేదు.